సిపాయి ఉత్తరం, యుద్ధవార్త: ఒకే యుద్ధం రెండు దారుల్లో ఇల్లు చేరిన తీరు

1915 తొలి నెలల్లో ఫ్రాన్స్ యుద్ధరంగంలో ఉన్న భారతీయ సైనికులు వారానికి 10,000 నుంచి 20,000 వరకు ఉత్తరాలు రాసేవారు. వాటిలో చాలావాటిని సైనికుడు తన చేత్తో రాయలేదు. ఇంటివారు తమ కళ్లతో చదవలేదు. మధ్యలో లేఖరి, పటాలపు అధికారి, సెన్సారు, అనువాదకుడు, ఊళ్లో చదివి వినిపించే అక్షరాస్యుడు ఉండేవారు.

అదే యుద్ధం గురించిన సమాచారం మరో దారిలోనూ ఇల్లు చేరేది. లండన్ నుంచి తంతి మీద వచ్చిన వార్త పత్రికల్లో అచ్చయ్యేది. అందులో స్వాధీనమైన గ్రామాల పేర్లు, ముందుకు సాగిన గజాల లెక్క, పట్టుబడిన శత్రుసైనికుల సంఖ్య ఉండేవి. ఉత్తరంలో వాన, బురద, నెయ్యి, అప్పు, పంట, కోర్టు వ్యాజ్యం ఉండేవి.

పత్రికలో వచ్చిందే యుద్ధవార్త, ఉత్తరంలోది ఇంటి ముచ్చట అనుకోవడం సహజం. అయితే ఆ యుద్ధం సైనికుడికి ఎలా అనుభవమైందో తెలుసుకోదలచిన చరిత్రకారులు నేడు ఆశ్రయిస్తున్నది ఆ ఉత్తరాలనే. పెద్ద విషయాలు చెప్పడానికి అనుమతి లేని చోట చిన్న విషయాలే యుద్ధ సమాచారాన్ని మోశాయి. అది ఎలా జరిగింది? నేటి యుద్ధవార్తను చదవడానికి ఆ అనుభవం ఏ మేరకు ఉపకరిస్తుంది?

ఎవరు వెళ్లారు?

1914 జులై చివర్లో మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైంది. సెప్టెంబరు చివరి వారంలో భారతీయ సైన్యపు తొలి దళాలు ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని మార్సేయ్ రేవులో దిగాయి. అక్టోబరు నెలాఖరుకల్లా అవి బెల్జియంలోని ఈప్ర్ పరిసరాల్లో పోరులో ఉన్నాయి. అక్టోబరు 31న హోల్లెబెక వద్ద చూపిన పరాక్రమానికి ఖుదాదాద్ ఖాన్‌కు విక్టోరియా క్రాస్ లభించింది. భారతీయ సిపాయికి ఆ పతకం దక్కడం అదే మొదటిసారి.

యుద్ధం ముగిసేలోగా 10 లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి సేవచేశారు. వారిలో 70,000 మందికి పైగా తిరిగి రాలేదు. పశ్చిమ రంగానికి, అంటే ఫ్రాన్స్, బెల్జియంలకు వెళ్లినవారు పోరాడే దళాలు, పనివారి దళాలు కలిపి సుమారు 1,38,000 మంది.

వీరిలో అత్యధికులు పంజాబ్, వాయవ్య సరిహద్దు, గఢ్వాల్, నేపాల్ ప్రాంతాలకు చెందినవారు. కొన్ని కులాలు, తెగలు మాత్రమే యుద్ధానికి తగినవన్న ‘యుద్ధజాతుల’ సిద్ధాంతాన్ని నాటి పాలకులు నమ్మారు. ఆ సిద్ధాంతం ఫలితంగానే 19వ శతాబ్దం చివరికి సైన్యంలో తెలుగువారి నియామకం బాగా తగ్గింది. అయినా మద్రాసు శాపర్ల దళాలు మెసొపొటేమియాలో పనిచేశాయి. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం గ్రామం రెండు ప్రపంచ యుద్ధాలకూ తన బిడ్డలను పంపి, ‘మిలటరీ మాధవరం’గా పేరుపడింది.

కందకంలో ఒక రోజు

కందకాల యుద్ధంలో రోజు సూర్యోదయానికి ముందే మొదలయ్యేది. శత్రువు దాడికి తెల్లవారుజాము, సంధ్యవేళ అనువైనవి గనుక ఆ రెండు సమయాల్లో ప్రతి సైనికుడూ తుపాకి పట్టుకుని తన స్థానంలో నిలబడాలి. వెలుగు వచ్చిన తర్వాత తుపాకుల శుభ్రం, తనిఖీ, ఆహారం. పగటిపూట కందకపు గట్టు మీదికి తల ఎత్తడం ప్రాణాపాయం. కాబట్టి వంతులవారీగా నిద్ర, కూలిన గోడల మరమ్మతు, నీళ్లు తోడటం సాగేవి. అసలు కదలిక రాత్రివేళ. రేషను, మందుగుండు మోయడం, ముళ్లకంచె వేయడం, గాయపడినవారిని వెనక్కి చేర్చడం చీకట్లోనే జరగాలి.

భారతీయ దళాలు ఎండ దేశానికి తగిన నూలు ఖాకీ దుస్తులతో వచ్చాయి. ఉత్తర ఫ్రాన్స్ చలికాలానికి సరిపడే దుస్తులు ఆలస్యంగా అందాయి. మోకాలి లోతు నీళ్లలో రోజుల తరబడి నిలబడినవారికి పాదాలు మొద్దుబారి, కుళ్లేవి. తగినన్ని చేతిబాంబులు లేని ఆ తొలి శీతకాలంలో ఖాళీ జామ్ డబ్బాల్లో మందుగుండు, ఇనుపముక్కలు కూరి బాంబులు తయారుచేసుకోవలసి వచ్చింది.

ఆహారం ఒక పెద్ద వ్యవస్థ. గోధుమపిండి, పప్పు, నెయ్యి, బెల్లం, అల్లం, పసుపు, మిరపకాయలు సముద్రం దాటి రావాలి. మాంసం కోసం మేకలను ప్రాణాలతో తెచ్చి, హిందువులకు, సిక్కులకు, ముస్లింలకు వారివారి పద్ధతుల్లో వేర్వేరుగా కోయించాలి. నాటి సిపాయి నెలజీతం 11 రూపాయలు. అందులోంచి ఇంటికి పంపే సొమ్ము, దానితో తీరవలసిన అప్పు, విడిపించవలసిన తాకట్టు, ఇవన్నీ ఉత్తరాల్లో మళ్లీమళ్లీ కనిపించే విషయాలు.

ఒక ఉత్తరం, ఎన్నో చేతులు

సైనికుల్లో అత్యధికులకు చదువు రాదు. పటాలంలో అక్షరం వచ్చిన తోటి సైనికుడు చుట్టూ నలుగురు వింటుండగా ఉత్తరం రాసేవాడు. అటువైపు ఊళ్లో కూడా తపాలా బంట్రోతో, బడిపంతులో పదిమంది మధ్య చదివి వినిపించేవారు. కాబట్టి ఆ ఉత్తరం మొదటి నుంచీ అందరి చెవినా పడే మాటే. భార్యకు చెప్పదలచినది కూడా అన్న పేరు మీద, తండ్రి పేరు మీద చుట్టుతిప్పి చెప్పవలసి వచ్చేది.

పటాలంలోనే అధికారులు ఒకసారి చూసిన తర్వాత, ఉత్తరాలు ఫ్రాన్స్‌లోని బులోన్ పట్టణంలో ఏర్పాటైన భారతీయ తపాలా సెన్సారు కార్యాలయానికి వెళ్లేవి. విదేశాల్లోని విప్లవకారుల సాహిత్యం సైనికులకు చేరకుండా చూడటం ఆ కార్యాలయపు తొలి లక్ష్యం. దాని అధిపతి ఎవెలిన్ హోవెల్. వచ్చిన కట్టల్లో కొన్నింటినే చదవడం సాధ్యమయ్యేది. కాలక్రమంలో సైనికుల మనఃస్థితిని అంచనా వేయడం ఆ కార్యాలయపు ముఖ్యమైన పనిగా మారింది. ఉర్దూ, గురుముఖి, హిందీ, పష్తో తదితర భాషల ఉత్తరాల నుంచి భాగాలను ఇంగ్లీషులోకి అనువదించి, నివేదికలతో జతచేసి పై అధికారులకు పంపేవారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గుర్తించాలి. అసలు ఉత్తరాలు చిరునామాదారులకు వెళ్లిపోయాయి. వాటిలో అత్యధికం కాలగర్భంలో కలిశాయి. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో నేటికీ భద్రంగా ఉన్నవి సెన్సారు ఎంచి, అనువదించిన భాగాలు. అంటే ఆ సైనికుల మాటగా నేడు మనం చదువుతున్నది పాలకుల భాషలో మిగిలిన మాట. ఏ వాక్యాన్ని అనువదించాలో, దేన్ని వదలాలో నిర్ణయించింది సైనికుడు కాడు. వారి మాండలికం, సామెత, చమత్కారం ఏ మేరకు దాటివచ్చాయో ఆ అనువాదాలను బట్టి ఊహించవలసిందే.

అదే కాలంలో బ్రిటిష్ సైన్యంలో వాడుకలో ఉన్న అచ్చు కార్డు ఈ నియంత్రణకు మరో రూపం. ‘నేను బాగున్నాను’, ‘ఆసుపత్రిలో చేరాను’, ‘మీ ఉత్తరం అందింది’ వంటి వాక్యాలు దాని మీద ముందే అచ్చువేసి ఉండేవి. వర్తించనివాటిని కొట్టివేసి, తేదీ వేసి, సంతకం చేయాలి. అదనంగా ఒక్క మాట రాసినా కార్డును నాశనం చేస్తామన్న హెచ్చరిక పైనే ఉండేది.

మిరియాలు, మిరపకాయలు, నల్లజీడి

తమ ఉత్తరాలు ఇతరులు చదువుతున్నారన్న సంగతి సైనికులకు తెలుసు. అందుకే వంటింటి మాటల్లో యుద్ధం చెప్పడం నేర్చుకున్నారు. 1915 నాటి ఉత్తరాల్లో నల్లమిరియాలు అయిపోవస్తున్నాయని, ఇప్పుడు ఎర్రమిరపకాయలు వాడుతున్నారని రాసినవి ఉన్నాయి. నల్లమిరియాలంటే భారతీయ సైనికులు, ఎర్రమిరపకాయలంటే తెల్ల సైనికులు. భారతీయ దళాలు భారీగా నష్టపోయాయని, ఆ స్థానంలోకి బ్రిటిష్ దళాలు వస్తున్నాయని భావం. ఏ పత్రికా నాడు ఇంత సూటిగా ఆ మాట అచ్చువేయలేదు. సెన్సారు అధికారులు మాత్రం ఈ సంకేతాన్ని త్వరగానే గ్రహించారు.

గింజలు పంపమని కోరిన ఉత్తరాలూ ఉన్నాయి. చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి రసం తగిలితే ఒళ్లు పొక్కుతుంది. ఆ పుండ్లు చూపి యుద్ధరంగం నుంచి తప్పించుకోవచ్చునన్న ఆశ కొందరిది. ఇంట్లో మిగిలిన తమ్ముళ్లను సైన్యంలో చేరవద్దని హెచ్చరించినవారు మరికొందరు. ఉత్తరాల్లో కవిత్వం పెరగడాన్ని కూడా హోవెల్ 1915 జనవరిలో మానసిక అలజడికి సూచనగా తన నివేదికలో పేర్కొన్నారు. పద్యం ఎక్కువైతే ప్రమాదమని సైనిక నివేదిక ఒకటి భావించడం విచిత్రంగా తోచవచ్చు. మామూలు వాక్యంలో చెప్పలేనిది ఎక్కువవుతోందని ఆ అధికారి సరిగానే పట్టుకున్నారు.

గాయపడినవారి విషయంలో అధికారిక చిత్రానికీ, ఉత్తరానికీ మధ్య దూరం మరింత స్పష్టం. ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో గుమ్మటాల రాజభవనమైన రాయల్ పెవిలియన్‌ను భారతీయ సైనికుల ఆసుపత్రిగా మార్చారు. మతాలవారీగా, కులాలవారీగా వేర్వేరు వంటశాలలు ఏర్పాటు చేశారు. ఆ భవనం ఫొటోలను ప్రచారం కోసం విస్తృతంగా వాడారు. ఉత్తరాల్లోనూ ఆ సంరక్షణ పట్ల కృతజ్ఞత కనిపిస్తుంది. అయితే, కోలుకున్నవారిని ఇంటికి పంపకుండా మళ్లీ కందకాలకే పంపుతున్నారన్న ఆవేదన కూడా వాటిలోనే కనిపిస్తుంది.

ఆ కాలపు బ్రిటిష్ సైనికులు స్వదేశానికి చేర్చే గాయాన్ని ‘బ్లైటీ’ అనేవారు. ఆ మాట మన ‘విలాయతీ’ నుంచి పుట్టినదే. ఎవరి దేశం నుంచి ఆ మాట వెళ్లిందో, ఆ సిపాయికి మాత్రం గాయమైనా ఇల్లు దక్కలేదు.

సైనికుడికి ఏ వార్త అందింది?

యుద్ధవార్తలు తెలుసుకునే విషయంలో సైనికుడి పరిస్థితి ఇంటివారి కంటే మెరుగైనది కాదు. తన కందకానికి కుడివైపు, ఎడమవైపు వంద గజాల్లో జరిగినది మాత్రమే అతడు చూడగలడు. మిగతా యుద్ధం అతడికీ వార్తే.

ఆ వార్తను అందించడానికి పోటీ నడిచింది. 1909లో అలహాబాద్‌లో ప్రారంభమైన ‘ఫౌజీ అఖ్బార్’ భారతీయ సైనికుల కోసం వెలువడిన అధికారిక పత్రిక. స్వాతంత్ర్యానంతరం 1954లో అది ‘సైనిక్ సమాచార్’గా మారింది. తర్వాతి కాలంలో తెలుగుతో సహా 13 భాషల్లో వెలువడింది. మరోవైపు జర్మన్లు బెర్లిన్ సమీపంలోని వ్యున్స్‌డోర్ఫ్ శిబిరంలో బందీలుగా ఉన్న భారతీయుల కోసం ‘హిందోస్తాన్’ అనే పత్రికను హిందీ, ఉర్దూల్లో నడిపారు. బ్రిటిష్ పాలనపై వారిని తిరగబడేలా చేయడం దాని ఉద్దేశం. ఒకే గ్రామం నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరు కందకంలో, మరొకరు బందీల శిబిరంలో ఉంటే, ఇద్దరికీ రెండు వేర్వేరు యుద్ధాల వార్తలు అందేవి.

ఆ బందీల శిబిరం నుంచే ఒక అరుదైన సాక్ష్యం మిగిలింది. 1915 నుంచి 1918 వరకు జర్మన్ భాషావేత్తలు యుద్ధబందీల గొంతులను, వారి భాషలను, పాటలను రికార్డు చేశారు. ఆ రికార్డులు బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయపు ధ్వని భాండాగారంలో ఉన్నాయి. 1916 డిసెంబరు 11న మాల్ సింగ్ అనే సిపాయి పంజాబీలో చెప్పిన మాటలు వాటిలో ప్రసిద్ధమైనవి. ‘నేను’ అనకుండా ‘ఒక మనిషి’ అంటూ ఆయన తన కథ చెప్పారు. ఆ మనిషి హిందుస్తాన్‌లో వెన్న తిన్నాడు, ఆంగ్లేయుల కొలువులో చేరాడు, ఐరోపా యుద్ధానికి వచ్చాడు, పట్టుబడ్డాడు, తిరిగి తన దేశం వెళ్లాలనుకుంటున్నాడు. భాషావేత్తలకు కావలసినది ఉచ్చారణ నమూనా. అందులో ఇమిడి వచ్చినది ఒక జీవితం. సెన్సారు నివేదికల్లో లేనిది ఇక్కడ ఉంది: అనువాదం కాని, సొంత భాషలోని గొంతు.

తెలుగు పాఠకుడికి చేరిన యుద్ధం

కాశీనాథుని నాగేశ్వరరావు స్థాపించిన ఆంధ్రపత్రిక 1914 ఏప్రిల్ 1న మద్రాసులో దినపత్రిక అయింది. నాలుగు నెలలకే యుద్ధం వచ్చింది. సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టింది. అంతవరకు ఐరోపా వార్తగా ఉన్న యుద్ధం ఒక్క రాత్రిలో దక్షిణాది ప్రజల కళ్లెదుటికి వచ్చింది. గట్టివాడిని, జగమొండిని ‘ఎమ్డెన్’ అనడం తమిళంలో వాడుక అయింది.

ఆ యుద్ధకాలంలో దేశభాషా పత్రికలకు విదేశీ వార్తల ప్రధాన ఆధారం రాయిటర్స్ తంతి వార్తలు. వాటికి అప్పటికే లండన్‌లో ఒక వడపోత జరిగేది. ఇక్కడ 1910 నాటి పత్రికా చట్టం, 1915 నాటి భారత రక్షణ చట్టం రెండో వడపోత. తంతి సందేశపు పొడి ఇంగ్లీషును తెలుగు చేసే ఉపసంపాదకుడి కలం మూడోది.

1915 మార్చి 10 నుంచి 13 వరకు ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ వద్ద జరిగిన పోరును చూస్తే ఈ వడపోతల ప్రభావం తెలుస్తుంది. దాడిచేసిన బలగంలో దాదాపు సగం భారతీయులే. గ్రామం స్వాధీనమైందన్న వార్త నిజం. భారతీయ దళాల్లో మృతులు, క్షతగాత్రులు, గల్లంతైనవారు కలిపి 4,200 మంది అన్నది కూడా నిజమే. వార్తలో మొదటి నిజం ముందు వచ్చింది. రెండోది ఊళ్లలో ఆగిపోయిన ఉత్తరాల రూపంలో చేరింది. నేడు అక్కడి స్మారక చిహ్నంపై, పశ్చిమ రంగంలో మరణించి సమాధి కూడా తెలియని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఉన్నాయి.

ఇంటి కబురూ యుద్ధవార్తే

రెండో ప్రపంచ యుద్ధంలో 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో చేరారు. అప్పటికి యుద్ధజాతుల సిద్ధాంతం నిలబడలేదు. మద్రాసు రెజిమెంటు మళ్లీ ఏర్పడింది, దక్షిణాది నుంచి నియామకాలు పెరిగాయి.

ఈసారి సెన్సారు నివేదికల్లో మరో ధోరణి కనిపించింది. 1943లో బెంగాల్ కరవు, దేశమంతటా ధరల మంట ముదిరినప్పుడు సైనికుల ఉత్తరాల్లో శత్రువు కంటే ఇంటి తిండిగింజల గురించిన ఆందోళనే ఎక్కువగా వ్యక్తమైంది. తాను పంపే జీతంతో ఇంట్లో బియ్యం కొనగలరా అన్న ప్రశ్న సైనికుడి మనోబలాన్ని నిర్ణయించింది. ఇంటి నుంచి వచ్చే ఉత్తరంలోని బియ్యం ధర సైనిక వ్యూహకర్తలకు కూడా యుద్ధ సమాచారమే అయింది.

నేడు ఏం మారింది?

సైనికుడి చిరునామాలో ఊరు ఉండకపోవడం నేటికీ మారలేదు. మన సైనికులకు రాసే ఉత్తరాల మీద కనిపించే ‘56 ఏపీఓ’, ‘99 ఏపీఓ’ స్థలాల పేర్లు కావు. మొదటిది ఢిల్లీలోని, రెండోది కోల్‌కతాలోని సైనిక తపాలా కేంద్రాల ద్వారా సాగే దారిని సూచిస్తుంది. దళం ఎక్కడుందో ఆ కేంద్రానికి తెలుసు, కవరు మీద మాత్రం ఉండదు. ఉత్తరం అందుతుంది, స్థావరం బయటపడదు.

మారినది వేగం. 1999 కార్గిల్ యుద్ధాన్ని దేశం టెలివిజన్‌లో చూసింది. ఆ తర్వాత ప్రతి చేతిలోకీ ఫోన్ వచ్చింది. సెన్సారు కార్యాలయంలో ఉత్తరం తెరిచి చదివే కాలం పోయి, ఏ యాప్ వాడవచ్చో ముందే నిర్దేశించే కాలం వచ్చింది. 2020 జులైలో భారత సైన్యం తన సిబ్బందిని ఫేస్‌బుక్ సహా 89 యాప్‌లను తొలగించాలని ఆదేశించింది. పహల్గాం దాడి అనంతరం 2025 ఏప్రిల్ 26న కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ రక్షణ దళాల కదలికలను ప్రత్యక్ష ప్రసారం చేయవద్దని మీడియాకు సూచించింది. కార్గిల్ యుద్ధం, కాందహార్ హైజాక్, 26/11 ముంబయి దాడుల సమయంలో అనియంత్రిత ప్రసారాల వల్ల నష్టం జరిగిందని ఆ సూచనలో గుర్తుచేసింది.

దళాల స్థావరాన్ని గోప్యంగా ఉంచడం సైనికుడి ప్రాణరక్షణకు అవసరం. దీన్ని ఎవరూ కాదనలేరు. చిక్కు వచ్చేది ఆ గోప్యత నష్టాలకు, లోపాలకు, సైనికుడి కష్టాలకు కూడా విస్తరించినప్పుడే. నవ్ షాపెల్‌లో కందకం ఎక్కడుందో దాచడం ఒకటి. అందులో ఎందరు పోయారో దాచడం మరొకటి.

యుద్ధవార్తను ఎలా చదవాలి?

సిపాయి ఉత్తరాలను చదివే పద్ధతినే నేటి వార్తకూ వర్తింపజేయవచ్చు. ముందుగా చూడవలసినది ఆ మాట ఎవరిది, ఎన్ని చేతులు మారి వచ్చింది అన్నది. అధికార ప్రతినిధి చెప్పినదా, ఘటనాస్థలంలోని వ్యక్తి చెప్పినదా, మరో భాషలోంచి అనువదించినదా అన్న తేడా వార్తలోనే తెలియాలి.

తర్వాత చూడవలసినది క్రియాపదం. తెలుగు వార్తల్లో మన సైనికులు ‘అమరులవుతారు’, ‘వీరమరణం పొందుతారు’, ఎదుటివారు ‘హతమవుతారు’. సామాన్యులు చనిపోయినప్పుడు తరచుగా కర్త మాయమై ‘మరణాలు సంభవిస్తాయి’. ‘కాల్పులు జరిగాయి’ అన్న వాక్యంలో కాల్చినవారు లేరు. గౌరవం చూపడంలో తప్పు లేదు. అయితే పదం గౌరవాన్ని చెబుతోందా, సమాచారాన్ని దాస్తోందా అన్నది పాఠకుడు గమనించాలి. అంతకు ముందు వార్త రాసేవారు గమనించాలి.

చివరగా, నిత్యజీవితపు వివరం. పాత తెలుగు ఉత్తరాల్లో ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టడం ఆచారం. యుద్ధరంగం నుంచి వచ్చిన ఉత్తరంలో క్షేమ సమాచారం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి, ఇంటివారు దాన్ని దాటి ఇతర గుర్తులను చదివేవారు: తేదీ ఎప్పటిది, రాత ఎవరిది, కిందటిసారి అడిగిన ఎద్దు గురించి ఈసారి ఎందుకు అడగలేదు. నేటి కుటుంబాలు ఫోన్‌లో చివరిసారి కనిపించిన సమయాన్ని అదే ఆత్రుతతో చూస్తున్నాయి. యుద్ధంలో గెలుపోటములను ప్రకటనలు చెబుతాయి. సైనికుడు తిన్నాడా, నిద్రపోయాడా, అతడి కాళ్లు పొడిగా ఉన్నాయా, జీతం ఇంటికి చేరిందా అన్నవి కూడా వార్తలో చోటు పొందినప్పుడే, ఆ గెలుపుకు లేదా ఓటమికి చెల్లించిన మూల్యం పాఠకుడికి తెలుస్తుంది.